ట్రంపెట్ శ్రుతిలో పలకాలంటే: మా బ్యాండు కుర్రాళ్లతో నేను చేయించే సాధన

ఊరేగింపులో ట్రంపెట్ కాస్త శ్రుతి తప్పినా ఎవరూ పట్టించుకోరు. టపాసుల మోతలో, డ్రమ్ముల దంచుడులో అన్నీ కలిసిపోతాయి. మేళం మండపం ముందుకొచ్చి, డ్రమ్ములు తగ్గించి, ఒక మెలోడీ పాట ఎత్తుకున్నప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. వేళ్లు సరిగ్గానే పడుతుంటాయి, పాట తెలిసినవాడే వాయిస్తుంటాడు, అయినా క్లారినెట్ ఒక దారి, ట్రంపెట్ ఒక దారి.

తెనాలి చుట్టుపక్కల పెళ్లి మేళాల్లో ట్రంపెట్ వాయిస్తాను. ఆషాఢం, మూఢం లాంటి ఖాళీ రోజుల్లో కుర్రాళ్లకు నేర్పుతాను. వచ్చేవాళ్లలో చాలామందికి పాటలు నా కన్నా ఎక్కువే వచ్చు. వాళ్లకు కావలసింది శ్రుతి. ఊదడం ఈమధ్యే మొదలుపెట్టినవాళ్లు ఇది చదివి కంగారు పడక్కర్లేదు. కింది స నుంచి పై ప దాకా ఆయాసపడకుండా పలికించగలిగేవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందుగా తంబూరా యాప్ ఒకటి ఫోన్లో వేసుకోండి. దాన్ని ఆరున్నర శ్రుతిలో పెట్టండి. మన బ్యాండుల్లో ఉండే ట్రంపెట్ బి ఫ్లాట్ ట్రంపెట్. ఏ వాల్వూ (వేలితో నొక్కే మీట) నొక్కకుండా మనం స అనుకుని ఊదేది హార్మోనియంలో ఆరున్నర నల్లమెట్టు. తంబూరాను ఒకటో శ్రుతిలో పెట్టి, ట్రంపెట్ స ఊది, కలవట్లేదని తల పట్టుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఇంకో మాట, ఫోన్ స్పీకర్‌లో మంద్ర తీగ సరిగ్గా వినపడదు. చిన్న బ్లూటూత్ స్పీకర్ అయినా ఉండాలి. స్వరం పైకి ఉందో కిందికి ఉందో సూదితో చూపించే ట్యూనర్ యాప్ కూడా ఉంచుకోండి గానీ దాని పని తర్వాత చెప్తాను.

చల్లగా ఉన్న వాయిద్యంతో శ్రుతి చూసుకోవద్దు. గొట్టంలో గాలి ఒక డిగ్రీ వేడెక్కితే శ్రుతి సుమారు 3 సెంట్లు పెరుగుతుంది. ఒక మెట్టుకీ పక్క మెట్టుకీ మధ్య దూరం 100 సెంట్లు అనుకుంటే ఆ లెక్క. డిసెంబరులో తెల్లవారుజాము ముహూర్తానికి వ్యాన్ దిగగానే స్లైడు (లాగి, తోసి గొట్టం పొడవు మార్చే భాగం) సర్దుకుని కూర్చుంటే, పది నిమిషాలు వాయించేసరికి నోటి ఆవిరికి ట్రంపెట్ వేడెక్కి పైకి పోతుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో పెట్టిన ట్రంపెట్ ముందే పైకి ఉంటుంది. అందుకని మొదట పది నిమిషాలు మెల్లగా దీర్ఘ స్వరాలు ఊదండి. మధ్యమధ్యలో వాయించకుండా వెచ్చని గాలి మాత్రం గొట్టంలోకి పంపండి. నీళ్ల మీట నొక్కి నీరు తీసేయండి. ఆ తర్వాతే స్లైడు మీద చెయ్యి వేయండి.

స ఎక్కడుందో పెదవిని అడగండి

మెయిన్ స్లైడు, అంటే మొత్తం వాయిద్యం శ్రుతి సర్దే స్లైడు, పూర్తిగా లోపలికి తోసేసి వాయించడం మన దగ్గర అలవాటు. ఎందుకని అడిగితే 'అలాగే వచ్చింది మాస్టారూ' అంటారు. ట్రంపెట్ తయారుచేసేవాళ్లు ఆ స్లైడు ఒక సెంటీమీటరు అటూఇటుగా బయటికి లాగి ఉంటుందనే లెక్కతోనే గొట్టం కోస్తారు. పూర్తిగా లోపలికి తోస్తే ట్రంపెట్ పైకి వెళ్తుంది. దాన్ని దించడానికి కుర్రాడు తెలియకుండానే పెదవి వదులు చేస్తాడు. స్వరం పేలవంగా, తడిసిన డప్పులా వస్తుంది. కొందరిది దీనికి తిరుగుడు. పెదవి బిగించి పైకి వాయించడం అలవాటై, స్లైడు మరీ బయటికి లాగి సర్దుకుంటారు. వాళ్లకు గంట వాయించేసరికి పెదవి చచ్చుబడుతుంది.

ఇలా చేయండి. తంబూరా ఆపేయండి. పై స, అంటే మధ్యలో హాయిగా పలికే స, ఒక మోస్తరు బలంతో ఊదండి. వాల్వులు ముట్టుకోకుండా, గాలి ఆపకుండా, పెదవితో స్వరాన్ని కొంచెం కిందికి వంచండి. మళ్లీ పైకి తీసుకురండి, కొంచెం దాటించండి. రెండు మూడుసార్లు ఇలా ఊగిస్తే ఒకచోట స్వరం ఉన్నట్టుండి విచ్చుకుంటుంది. గాలి తక్కువే పడుతుంది, మోత ఎక్కువ వస్తుంది, చేతిలో ఇత్తడి కూడా అదురుతుంది. అది మీ పెదవికీ మీ ట్రంపెట్‌కీ కుదిరిన చోటు. అక్కడే నిలబడి ఊదుతూ పక్కవాడిని తంబూరా వేయమనండి. ట్రంపెట్ పైకి ఉంటే స్లైడు లాగండి, కిందికి ఉంటే తొయ్యండి. మీరు మాత్రం కదలకూడదు. స్లైడు మీ దగ్గరికి రావాలి గానీ మీరు స్లైడు దగ్గరికి వెళ్లకూడదు.

పైకి ఉందో కిందికి ఉందో తెలియకపోతే? రెండు స్వరాలు దగ్గరగా ఉండి కలవకపోతే వాం... వాం... అని అల కొడుతుంది. మన పై స 466 హెర్ట్జ్. మీరు 468 ఊదితే సెకనుకు రెండు అలలు. 464 ఊదినా రెండే, అందుకే ఎటు వైపో అల చెప్పదు. పెదవితో కొంచెం పైకి వంచి చూడండి. అల వేగం పెరిగిందా, మీరు ముందే పైకి ఉన్నారు. నెమ్మదించిందా, కింద ఉన్నారు. అల సాగి సాగి ఆగిపోయిన చోట స కుదిరినట్టు. పక్కన ఇంకో ట్రంపెట్ ఉంటే ఇది తంబూరా కన్నా స్పష్టంగా వినిపిస్తుంది.

ఊదేముందు పాడాలి. ఇది చెప్తే కుర్రాళ్లు సిగ్గుపడతారు, నవ్వుతారు. గొంతు బాగుండక్కర్లేదు, స్వరం సరైన చోట ఉంటే చాలు. ట్రంపెట్‌లో ఒకే వాల్వు కలయికతో అరడజను స్వరాలు పలుకుతాయి. ఏది పలకాలో పెదవికి చెప్పేది చెవి. చెవిలో లేనిది పెదవి మీదికి రాదు. స పాడండి, స ఊదండి. ప పాడండి, ప ఊదండి. తర్వాత మౌత్‌పీస్ ఒక్కటే తీసి, తంబూరా మీద స నుంచి ప దాకా తెగకుండా జారుస్తూ వెళ్లి, ప దగ్గర ఆగండి. మౌత్‌పీస్‌లో పట్టుకోవడానికి గొట్టం సాయం ఉండదు, కాబట్టి చెవి ఎంత పనిచేస్తోందో అక్కడ దాచలేరు. రెండు మూడు నిమిషాలు చాలు. ఎక్కువ చేస్తే పెదవి అలిసిపోతుంది.

రెండు గాంధారాల గొడవ

క్రిస్మస్‌కి ముందు చర్చిలో కీబోర్డుతో కలిసి వాయించడానికి మా కుర్రాడొకడు సాధన చేస్తున్నాడు. ముందురోజే తంబూరా మీద శంకరాభరణం వరసలు హాయిగా వాయించాడు. కీబోర్డు పక్కకు వెళ్లగానే పై గ దగ్గర పట్టుబడ్డాడు. 'మాస్టారూ, నిన్న కుదిరింది, ఇవాళ యాప్‌లో సూది కిందికే పోతోంది, వాయిద్యం పాడైందేమో' అని టెన్షన్ పడిపోయాడు. 'వాయిద్యానికేం కాలేదురా, నువ్వు కూర్చున్న పక్క మారింది' అన్నాను.

ఏ వాల్వూ నొక్కకుండా ట్రంపెట్‌లో పలికే స్వరాలన్నీ ఒకే మూల స్వరానికి 2, 3, 4, 5, 6, 8 రెట్లు. కింది స 2, ప 3, పై స 4, ఆ పైన గ 5, ప 6, ఇంకా పైన స 8. మధ్యలో 7వది కూడా పలుకుతుంది గానీ అది మరీ కిందికి ఉంటుంది కాబట్టి ఎవరూ వాడరు. పై స నాలుగైతే గ ఐదు. స 466 హెర్ట్జ్ అయితే గ 583 దగ్గర పడుతుంది. తంబూరా కోరుకునే అంతర గాంధారం సరిగ్గా అదే. మంద్ర స తీగ మీటినప్పుడు చెవి పెట్టి వినండి, ఎవరూ మీటని గాంధారం అందులోంచి సన్నగా వినిపిస్తుంది. మీ ట్రంపెట్ గాంధారం దానిలోకి వెళ్లి కూర్చుంటుంది.

కీబోర్డులో మెట్ల మధ్య దూరాలన్నీ సమానం. అక్కడ గ 587 హెర్ట్జ్. మనదాని కన్నా 14 సెంట్లు పైన. ఇద్దరూ కలిసి పట్టుకుంటే సెకనుకు నాలుగైదు అలలు కొడతాయి. ట్యూనర్ యాప్ కూడా కీబోర్డు లెక్కతోనే చూస్తుంది కాబట్టి సూది కిందికి పోతుంది. కుర్రాడిది తప్పు కాదు, యాప్‌దీ తప్పు కాదు. ఎవరితో కలిసి వాయిస్తున్నామన్నదే ప్రశ్న.

కీబోర్డుతో వాయించేటప్పుడు ఆ గ దీర్ఘంగా నిలబడాల్సి వస్తే 1, 2 వాల్వులు నొక్కి పలికించండి. అదే స్వరం వస్తుంది, కాకపోతే ఒక పిసరు పైకి ఉంటుంది. పెదవితో దించుకోవచ్చు. పైకి లాగడం కన్నా కిందికి దించడం పెదవికి ఎప్పుడూ తేలిక. పాట వేగంగా పోతుంటే ఈ గోల అక్కర్లేదు, మామూలుగానే వాయించండి.

ఇప్పుడు కింది గ చూడండి. అది 1, 2 వాల్వులతో పలుకుతుంది, పైకి పోతుంది. అంటే కీబోర్డు పక్కన పై గ కిందికి, కింది గ పైకి. తంబూరా పక్కన పై గ సరిగ్గా, కింది గ మరీ పైకి. ఒకే ట్రంపెట్‌లో రెండు గాంధారాలకూ పొత్తు కుదరదు. కుర్రాళ్లతో నేను ఎక్కువసేపు చేయించేది ఇదే. స పట్టుకుని కింది గ, మళ్లీ స, పై స, పై గ. ఒక్కో గాంధారం దగ్గర ఆగి అల పోయేదాకా సర్దాలి. మొదటి వాల్వు స్లైడుకి బొటనవేలి కొక్కెం ఉంటే కింది గ దగ్గర దాన్ని కొంచెం బయటికి తొయ్యండి. కొక్కెం లేని వాయిద్యాలే మన దగ్గర ఎక్కువ. అప్పుడు 1, 2 బదులు 3 ఒక్కటే నొక్కి చూడండి. చాలా ట్రంపెట్లలో 3 ఒక్కటే నొక్కితే స్వరం కొంచెం కిందికి వస్తుంది, దీర్ఘ స్వరానికి సరిపోతుంది. ధైవతానికీ ఇదే వైద్యం.

పై రిషభం 1 వాల్వుతో పలుకుతుంది. అది మాత్రం కీబోర్డు పక్కనా తక్కువే, తంబూరా పక్కనా తక్కువే. ఎక్కువ ట్రంపెట్లలో ఇంతే. గాలి వేగం కొంచెం పెంచి నిలబెట్టాలి. నిలవకపోతే 1, 3 నొక్కి, మూడో స్లైడు లాగి పట్టుకోవచ్చు.

మూడో స్లైడు ఊరికే పెట్టలేదు

కింది రి 1, 3 వాల్వులతో వస్తుంది. అది చెవికి గుచ్చుకునేంత పైకి ఉంటుంది. ఎందుకంటే, ఒక్కో వాల్వు గొట్టం ఎంత పొడవుండాలో లెక్కగట్టింది మిగతావి నొక్కనప్పటి పొడవుని బట్టి. ఒక వాల్వు నొక్కగానే మొత్తం గొట్టం పొడుగైపోతుంది. పొడుగైన గొట్టాన్ని అంతే మేర దించాలంటే దానికి తోడుగా నొక్కే వాల్వు గొట్టం ఇంకా పొడవుండాలి, కానీ దాని పొడవు మారదు. అందుకే వాల్వులు కలిపేకొద్దీ స్వరం పైకి పోతుంది. మూడు వాల్వులూ కలిపితే మరీ ఎక్కువ.

మందు మూడో స్లైడు ఉంగరం. ఎడమచేతి ఉంగరపు వేలు అందులో ఉండాలి. కింది రి దగ్గర స్లైడుని ఒక సెంటీమీటరు పైన లాగండి. మూడు వాల్వులూ నొక్కే స్వరానికి రెండున్నర సెంటీమీటర్ల దాకా పట్టొచ్చు. ఇవి మొదలుపెట్టడానికి చెప్పే కొలతలు, మీ వాయిద్యంలో ఎంతో తంబూరా మీద వెతుక్కోండి. దొరికాక స-రి-స, స-రి-స అని వేలు దానంతటదే కదిలేదాకా వాయించండి. వేలు కదలడం వాల్వు నొక్కడంలో భాగం అయిపోవాలి.

చాలామంది ట్రంపెట్లలో ఆ స్లైడు బిగుసుకుపోయి ఉంటుంది. ఏళ్ల తరబడి ఎవరూ కదపరు. కొట్టి, పట్టుకారు వేసి లాగొద్దు, టాంకాలు ఊడతాయి. రిపేరు చేసేవాడి దగ్గరికి తీసుకెళ్లండి. వదులయ్యాక పాత గ్రీజు తుడిచి, వేళ్లతో లాగే స్లైడులకు పల్చటి నూనె, మెయిన్ స్లైడుకి వాజిలైన్ లాంటి చిక్కటిది రాయండి. వాల్వుల్లో కొబ్బరినూనె మాత్రం పోయొద్దు. చలికాలం తెల్లవారుజామున గడ్డకట్టి, ముహూర్తం వేళకి వాల్వు పైకి లేవదు. లోపల మురికి పేరుకున్నా శ్రుతి మారుతుంది. ముఖ్యంగా మౌత్‌పీస్ పెట్టే గొట్టంలో. గోరువెచ్చని సబ్బు నీళ్లు, పొడవాటి బ్రష్ చాలు. టిఫిన్ తినగానే నోరు పుక్కిలించకుండా ఊదేవాళ్ల ట్రంపెట్లలోంచి ఏమేం బయటికొస్తాయో ఇక్కడ రాయను.

సూది పని

ట్యూనర్‌ని చూస్తూ వాయించడం వల్ల శ్రుతి బాగుపడినవాణ్ని నేను చూడలేదు. సూది కిందికి పోగానే పెదవి పైకి లాగుతాడు, పైకి పోగానే దించుతాడు. కళ్లు వాయిస్తాయి, చెవులు నిద్రపోతాయి. సూదిని మీరు చూడొద్దు, పక్కవాణ్ని చూడమనండి. మీరు కళ్లు మూసుకుని స మెల్లగా మొదలుపెట్టి, గట్టిగా పెంచి, మళ్లీ మెల్లగా తగ్గించి ఆపండి. సూది ఎక్కడెక్కడ కదిలిందో వాడు కాగితం మీద గీస్తాడు. చాలామందికి గట్టిగా ఊదినప్పుడు స్వరం పైకి పోతుంది, మెల్లగా ఊదినప్పుడు కిందికి జారుతుంది. దమ్ము అయిపోయే చివరి క్షణంలో ఇంకా కిందికి పడిపోతుంది. చివరి చుక్క దాకా పిండకుండా, గాలి ఇంకా ఉండగానే స్వరాన్ని ఆపడం నేర్చుకోండి. పాటలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే గుర్తు పెట్టుకుంటే ఈ జబ్బు సగం తగ్గుతుంది.

ఇక్కడే క్లారినెట్ గొడవ కూడా ఉంది. క్లారినెట్ గట్టిగా ఊదితే కిందికి పోతుంది, ట్రంపెట్ గట్టిగా ఊదితే పైకి పోతుంది. మేళం ఊపందుకునేకొద్దీ ఇద్దరి మధ్యా ఖాళీ పెరుగుతుంది. ఇద్దరూ ఒకరినొకరు ముంచాలని ఇంకా గట్టిగా ఊదుతారు. క్లారినెట్ అన్నతో కూర్చుని ఒకే స్వరాన్ని మెల్లగా మొదలుపెట్టి గట్టిదాకా పెంచుతూ అల రాకుండా పట్టుకునే సాధన చేయండి. అతను జాయింటు లాగి కిందికి సర్దుకోగలడు గానీ, మొత్తం లోపలికి తోసేశాక ఇంక పైకి రాలేడు. స్లైడులో చోటు ఉన్నది మనకే, కాబట్టి తగ్గాల్సింది మనమే. హార్మోనియంతో కలిసి వాయించాల్సి వచ్చినా ఇదే మాట. పాత హార్మోనియాలు ఫోన్ చెప్పే 440 లెక్కలో (ఆరో మెట్టు 440 హెర్ట్జ్ అన్న లెక్క) ఉంటాయన్న నమ్మకం లేదు. ఫోన్ జేబులో పెట్టి, హార్మోనియం ఆరున్నర మెట్టు నొక్కించి దానికి సర్దుకోండి.

సాధనలో జారుడు, వణుకుడు వద్దు. పాటలో అందంగానే ఉంటాయి, పెళ్లివారికి కావాలి కూడా. కానీ స్వరాన్ని కింది నుంచి జార్చుకుంటూ అందుకునేవాడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వెతుక్కుంటున్నాడని అర్థం. వణికించేవాడు అలను వణుకులో దాచేస్తున్నాడు. తంబూరా ముందు స్వరాన్ని తిన్నగా మొదలుపెట్టి తిన్నగా నిలపండి. ఆ గదిలో గమకాలకు పని లేదు. ఇరుగుపొరుగు గొడవకి ప్రాక్టీస్ మ్యూట్ (మోత తగ్గించడానికి ట్రంపెట్ మూతిలో పెట్టే బిరడా) పెట్టుకుంటే వేళ్ల సాధన చేసుకోండి, శ్రుతి సాధన చేయొద్దు. మ్యూట్ పెడితే శ్రుతి మారిపోతుంది. చేలగట్టు, చెరువు గట్టు, ఖాళీగా ఉన్న కల్యాణ మండపం ఏదో ఒకటి చూసుకోండి.

రాత్రంతా ఊరేగింపు వాయించి వచ్చిన మర్నాడు ఇవేవీ చేయొద్దు. అలిసిన పెదవి మౌత్‌పీస్‌ని నొక్కి పైకి లాగుతుంది, కాసేపటికి చేతులెత్తేసి కిందికి పడిపోతుంది. ఆ రోజు నేర్చుకున్నదంతా అబద్ధం. మెల్లగా కింది స్వరాలు కాసేపు ఊదుకుని పక్కన పెట్టేయండి.

కొత్తదో సెకండ్ హ్యాండ్‌దో ట్రంపెట్ కొనేటప్పుడు కుర్రాళ్లు ముందు మెరుపు చూస్తారు, తర్వాత ఎంత పైకి పలుకుతుందో చూస్తారు. మీరు మీ మౌత్‌పీస్, తంబూరా ఉన్న ఫోన్ తీసుకెళ్లండి. స్లైడులన్నీ చేత్తో కదులుతున్నాయా చూడండి, ముఖ్యంగా మూడోది. వాయిద్యాన్ని వెచ్చబెట్టి, స ఊగించి కుదిరిన చోటు పట్టుకోండి. అప్పుడు మెయిన్ స్లైడు పూర్తిగా లోపలికి తోసినా తంబూరా కన్నా కిందే ఉంటే వద్దని చెప్పండి, మీరు ఎంత సాధన చేసినా దానికి పొడవు తగ్గదు. తర్వాత కింది స, ప, పై స, గ, ప ఏ వాల్వూ నొక్కకుండా ఒక్కొక్కటీ నిలబెట్టండి. రెండు స లూ ఒకదానితో ఒకటి కలవకపోతే బేరం దాకా వెళ్లక్కర్లేదు. కలిస్తే పై రి, కింది గ, కింది రి వాయించండి. ఇవి ఎలాగూ తేడాగానే ఉంటాయి. పెదవితో, మూడో స్లైడుతో సర్దుకునేంత తేడానా కాదా అన్నది చూసుకుని, అప్పుడు ధర అడగండి.